నాదానుభవము – నిత్యకర్తవ్యము

తీర్థయాత్ర ముగించుకొని ఇల్లు చేరిన ప్రతివానికిని ఒక విచిత్రానుభవము కలుగుచుండును. స్వామి సన్నిధిని నిలిచిన క్షణమున సమస్తమును మరచిన మనస్సు, మరునాటి ఉదయమున పాలవానికి చిల్లర లెక్కించి ఇయ్యవలసి వచ్చినపుడు చిన్నబోవును. అక్కడ చూచినది సత్యమా, ఇక్కడ చేయుచున్నది సత్యమా యను సంశయ ముదయించును. కొండ యెక్కునపుడు భక్తి ముందుండి నడిపించును. కొండ దిగినపిమ్మట నడిపించున దేది? ఆలయమునకు పోవు త్రోవ కంటె ఆలయమునుండి మరలి వచ్చు త్రోవయే కఠినమైనదని అనుభవజ్ఞు లెరుగుదురు.

ఈ ప్రశ్న యాత్రికునకు మాత్రమే పరిమితమైనది కాదు. మహత్తరమైన ఆనందమును ఒక్కసారి చవిచూచిన వారందరికిని ఇది యెదురగును. విశేషించి యౌవనమున నున్న విద్యార్థికి ఇది మిక్కిలి తీవ్రముగ నెదురగును. ఏలయన, ఆ వయస్సున ఆనంద మెంత గాఢముగ నాటునో, ఆనందము లేని దినములు అంత దుర్భరముగ తోచును.

ఒక విద్యార్థి నుదాహరణముగ గ్రహింపవచ్చును. అతడు రాయలసీమలోని ఒక పట్టణమున గణితశాస్త్రము ప్రధానాంశముగ బి.ఎస్‌సి. రెండవ సంవత్సరము చదువుచున్నాడు. తండ్రి ఒక బట్టల దుకాణమున గుమాస్తా. విద్యార్థికి సంగీతశాస్త్ర పరిచయము లేదు. పట్టుమని పది రాగముల పేర్లు కూడ తెలియవు. అయినను బాల్యమున రేడియోలో వినిన ఒక విద్వాంసుని కంఠము అతని హృదయమున నాటుకొన్నది. పరీక్షలో తప్పినను, స్నేహితునితో కలహించినను, జ్వరముతో మంచము పట్టినను ఆ కంఠమే అతనికి ఓదార్పు. ఆ విద్వాంసుడు తిరువైయారు ఆరాధనోత్సవములకు విచ్చేయుచున్నాడని తెలియగానే, తల్లి వంటింటి డబ్బాలో దాచియుంచిన పైకము తీసికొని రాత్రి రైలెక్కినాడు.

తంజావూరికి అనతిదూరమున కావేరీతీరమున నున్న తిరువైయారు, శ్రీ త్యాగరాజస్వామి (1767–1847) నాదోపాసన చేసి సిద్ధిపొందిన పుణ్యక్షేత్రము. పుష్య బహుళ పంచమి ఆయన పుణ్యతిథి. బెంగుళూరు నాగరత్నమ్మ 1920వ దశకమున తన యావదాస్తిని వెచ్చించి సమాధిస్థలమున ఆలయము నిర్మింపజేసినది. ప్రతి సంవత్సరము ఆ తిథినాడు దేశము నలుమూలల నుండియు గాయకులు అచ్చట చేరి, నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగములలోని పంచరత్న కృతులను ఏకకంఠముగ గానము చేయుచుందురు. తమిళదేశపు నదీతీరమున వేయిమంది నోట తెలుగు సాహిత్యము వెలువడుచుండగా విను తెలుగువాని హృదయ మెట్లు పొంగునో వర్ణింపనలవి కాదు.

ఆ ఉదయమున విద్యార్థి తన యారాధ్యుని మొదటిసారి ప్రత్యక్షముగ చూచినాడు. వృద్ధుడైన ఆ విద్వాంసుడు వేదికపై ప్రత్యేకాసనమున గాక, అందరితోపాటు నేలపై వరుసలో కూర్చుండెను. ఒడిలో అట్ట చినిగిన చిన్న పుస్తకము తెరచియుంచి, వ్రేలితో పంక్తి వెంబడి పంక్తి చూచుకొనుచు పాడుచుండెను. ప్రక్కను పది పండ్రెండేండ్ల బాలిక యొకతె అట్టి పుస్తకమే చూచుచు అదే చరణము పాడుచుండెను. ఆ రాత్రి వేదికపై విద్వాంసునకు లభించిన సమయము చాల స్వల్పము. పాడినది ఒకే కృతి. అది ముగియునప్పటికి విద్యార్థి కన్నుల నుండి నీరు కారుచుండెను. తానెవరో, ఎక్కడనుండి వచ్చెనో, ఎక్కడికి పోవలెనో అతనికి స్ఫురణకు రాలేదు.

మూడవనాడు అతడు తరగతిలో కూర్చుండెను. నల్లబల్లపై సమాకలనపు సూత్రములు నిండినవి. వెనుక బల్లవారు గుసగుసలాడుచున్నారు. పైన పంఖా కిఱ్ఱుమని తిరుగుచున్నది. అంతయు పూర్వము వలెనే యున్నది. అతడు మాత్రము పూర్వము వలె లేడు. నాడు రాత్రి సెల్‌ఫోనులో భద్రపరచుకొనిన ఆ కృతిని తీసి వినినాడు. అదే కంఠము, అదే రాగము. కాని ఆనాటి పులకింత కలుగలేదు. మరల వినినాడు. పదిసార్లు వినినాడు. వినినకొలది దాహము పెరిగినదే గాని తీరలేదు. క్రమముగ తరగతులకు పోవుట మానివేసి, గ్రంథాలయపు మెట్లపై కూర్చుండి వినుటయే వ్యాపకముగ పెట్టుకొన్నాడు. నెలాఖరున జరిగిన పరీక్షలో తెల్లకాగితమే యిచ్చి వచ్చినాడు.

ఆ సంగతి యింట తెలిసినది. "అమ్మా, ఆ పాఠములలో ప్రాణము లేదు. ప్రాణమున్నదేదో నేను చూచి వచ్చితిని. ఇక ఈ చదువు నావలన కాదు" అని కొడుకు పలికెను. "పాటల పిచ్చి పట్టినవానికి డబ్బులిచ్చి పంపినది నీవే కదా" అని తండ్రి తల్లిని నిందించెను. ఆమె మారుపలుకలేదు. కొంతసేపటికి కుమారునితో, "నాయనా, నీవు సంతోషపడుదు వనియే పంపితిని. పంపకున్న బాగుండెడిదేమో" అని మాత్రము అన్నది.

ఆ తల్లి నోటినుండి వెలువడిన ఆ ఒక్క మాటలో గొప్ప ధర్మసందేహ మిమిడియున్నది. ఉత్తమమైన ఆనందము మనిషిని అతని కర్తవ్యమునుండి తొలగించినచో, ఆ ఆనందము ఉత్తమమైన దెట్లగును? అది నిజముగ ఉత్తమమైనదే యైనచో, దానిని విడిచి నీరసమైన పనికి మరలుమనుట ఎట్లు న్యాయమగును?

దీనికి లోకమున రెండు సమాధానములు వినవచ్చుచున్నవి. సంగీతము వినోదము, చదువు జీవనము. వినోద మొకపూట చాలును, దానిని మరచి చదువుకొనవలెనని తండ్రి వంటివారి మతము. చూచినది సత్యము, మిగిలినదంతయు మిథ్య. సత్యమును చూచినవాడు మిథ్యను విడువవలెనని కొడుకు వంటివారి మతము. మొదటివారు ఆనందమును తక్కువ చేయుచున్నారు. త్యాగరాజస్వామి కృతిని విని కంటనీరు పెట్టుకొనిన పిల్లవానితో అది కాలక్షేపమని చెప్పుట అసత్యమే యగును. రెండవవారు కర్తవ్యమును తక్కువ చేయుచున్నారు. ఉభయులును ఒక్క విషయమున ఏకీభవించుచుండుట గమనింపదగినది. ఆనందమునకును నిత్యకర్తవ్యమునకును సంబంధము లేదని యిరువురును నమ్ముచున్నారు. అసలు దోష మా నమ్మకముననే యున్నది.

ఈ సందర్భమున శ్రీమద్భాగవతము ప్రథమ స్కంధములోని నారదుని పూర్వజన్మ వృత్తాంతము స్మరింపదగినది. దేవర్షియు, వీణాపాణియు, గాయకుల కందరకు పూజ్యుడు నైన నారదుడు పూర్వమొక దాసీపుత్రుడు. చాతుర్మాస్యమునకు వచ్చిన యోగులకు పరిచర్య చేసి, వారి ముఖమున హరికథలు విని భక్తిని పొందెను. తల్లి సర్పదష్టయై మరణించిన పిదప ఆ బాలుడు ఒంటరిగ ఉత్తరదిశగ పోయి, మహారణ్యమున ఒక రావిచెట్టు క్రింద కూర్చుండి ధ్యానము చేయగా, హృదయమున శ్రీహరి రూపము సాక్షాత్కరించెను. అది క్షణకాలమే. అంతలో ఆ రూప మదృశ్యమయ్యెను.

అపు డా బాలు డేమి చేసెను? దిగ్గున లేచెను. మరల కూర్చుండెను. మరల చూడ యత్నించెను. ఎంత యత్నించినను ఆ రూపము కనరాక, రోగపీడితునివలె తపించెను. రాత్రివేళ సెల్‌ఫోనును పదిమారులు మ్రోగించుకొనిన విద్యార్థి పరితాపము నారదుని ఆ పరితాపమునకు దూరపు బంధువే. నారదుడును తప్పు చేయలేదు, ఈతడును తప్పు చేయలేదు. తీయనిదానిని మరల కోరుట మనస్సునకు సహజము.

అపుడొక అశరీరవాణి ఆ బాలునకు వినవచ్చెను. ఈ జన్మమున మరల దర్శనము లభింపదనియు, ఒక్కమారు రూపమును చూపుట అతనిలో అనురాగము వర్ధిల్లుటకే యనియు దాని తాత్పర్యము. ఇది నిరాకరణమువలె వినిపించును గాని, విచారించినచో ఇంతకు మించిన యనుగ్రహము లేదు. ఆ దర్శనము కోరికను తీర్చుటకు గాక కోరికను కలిగించుటకు ప్రసాదింపబడినది. అది ప్రయాణపు చివర లభించు సత్రము కాదు, ప్రయాణమునకు ముందు కట్టియిచ్చిన చద్దిమూట.

నారదుడు రావిచెట్టు క్రిందనే కూర్చుండి పోలేదు. మాత్సర్యమును మదమును విడిచి, భగవన్నామములను కీర్తించుచు, తన కాలముకొరకు వేచియుండి భూమియంతయు సంచరించెను. దర్శనము లేని ఆ దీర్ఘకాలమే అతనిని నారదుని చేసినది. దర్శనమైన క్షణమున అతడు ఎవరో కన్న బిడ్డ, ఏమియు తెలియని పసివాడు. అది లభింపని దినములలో చేసిన కీర్తనమువలన అతడు దేవర్షి యయ్యెను.

కామమునకును భక్తికిని భేద మిచ్చటనే తెలియును. కామము ఆ క్షణమునే మరల కోరును. భక్తి ఆ క్షణమునకు తగినవాడను కావలెనని కోరును. కామమునకు మిగిలిన దినములన్నియు వ్యర్థములు. భక్తికి మిగిలిన దినములే సాధనకు నెలవు. చంచలమైన మనస్సును నిలుపుటకు అభ్యాసము, వైరాగ్యము అను రెండు ఉపాయములను గీతాచార్యుడు ఉపదేశించెను. గొప్ప ఆనందము వెనువెంటనే రెండవమారు లభింపకున్నను కలతపడకుండుట వైరాగ్యము. ఎదుటనున్న పనిని నేడును రేపును చేయుట అభ్యాసము.

ఇంక నా విద్యార్థి వినిన గానమే ఎచ్చటినుండి వచ్చినదో విచారింతము. త్యాగరాజస్వామి శొంఠి వేంకటరమణయ్య కడ శిక్షణ పొందెను. స్వామి శిష్యులలో మానంబుచావడి వేంకటసుబ్బయ్య యొకరు. ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రి. ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. ఆయన శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016). కావేరీతీరమున పుట్టిన నాదము కృష్ణాతీరమును చేరుటకు గురుకులములు దాటవలసి వచ్చినది. అది ఒక రాత్రి కచేరిలో ఒకరినుండి మరియొకరికి ప్రవహింపలేదు. తెల్లవారుజామున గురువుగారి యెదుట కూర్చుండి, సరళీస్వరములు, జంటస్వరములు, అలంకారములు, గీతములు, వర్ణములు అను క్రమమున, తప్పిన చోటనే మరల మరల పలికి, అలసిన గొంతుకతోనే మరల ప్రారంభించిన పాఠములద్వారా ప్రవహించినది. కచేరి తరగతికి శత్రువు కాదు. తరగతికి కాచిన ఫలము. ఫలమును రుచి చూచి, చెట్టును నరుకుదు నన్నవాని వివేక మెట్టిది?

దీనికొక ఆక్షేపణ కలదు. సంగీతముకొరకు బడిని విడిచిన మహనీయులు లేరా? లేకేమి? బాలమురళీకృష్ణగారి పాఠశాల చదువు బాల్యముననే ఆగిపోయినది. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు (1922–1974) చిన్నతనమున సంగీతము నేర్వగోరి, వ్రేలి యుంగరము నమ్ముకొని విజయనగరము చేరి, జోలెపట్టి మధుకరము చేసి విద్య నభ్యసించిరి. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆ పిల్లవానిని చేరదీసి చెప్పిన పాఠములే పిదప తెలుగునాట నింటింట వినిపించినవి. వీరు విడిచిన దొక తరగతి. చేరినది అంతకంటె కఠినమైన మరియొక తరగతి. సుఖమైన పాఠము దొరకునని కాక, జోలె పట్టియైనను పాఠము నేర్వవలెనని వారు వెడలిరి. పిలుపునకును పరవశతకును భేదము తెలిసికొనుటకు ఇదియే యొరగల్లు. ఆకర్షించినది ఆ యానందమా, లేక ఆ యానందమును కనిన శ్రమయా? శ్రమనే వరింపదలచినవాడు సంగీతమునకు పోవుటలో దోషము లేదు. శ్రమనుండి తప్పించుకొనదలచినవానికి గణితమైనను సంగీతమైనను ఒక్కటే. ఆరవనాడు రెండును నీరసములే.

అంతటి నాదయోగియైన త్యాగరాజస్వామియే నిత్యకృత్యమునుండి సెలవు తీసికొనలేదు. తిరువైయారు వీధులలో హరినామము కీర్తించుచు ఉంఛవృత్తితో సంసారము గడపిన గృహస్థుడాయన. ఆయన బియ్యపుపాత్రకును ఆయన పంచరత్నములకును విరోధము కలుగలేదు.

విద్యార్థి వృత్తాంతమునకు మరలుదము. తెల్లకాగిత మిచ్చిన సంగతి మాటలాడుటకు గణితోపన్యాసకు డతనిని తన గదికి పిలిపించెను. పిల్లవాడు జరిగినదంతయు దాపరికము లేక చెప్పెను. ఉపన్యాసకుడు మందలింపలేదు. ఒక కాగితమును ముందుకు జరిపి, "నాయనా, త్యాగరాజస్వామి దినమునకు లక్ష యిరువదియైదువేల చొప్పున ఇరువదియొక సంవత్సరములు రామనామము జపించెనని సంప్రదాయము చెప్పుచున్నది. మొత్త మెంతయగునో కట్టుము" అనెను.

విద్యార్థి 1,25,000ను 365చే గుణించెను. 4,56,25,000 వచ్చినది. దానిని 21చే గుణించెను. 95,81,25,000 వచ్చినది.

"తొంబదియారు కోట్లని వినియుంటిని సార్. ఇంచుమించు సరిపోయినది" అనెను.

"సరిపోవును. నీవు ఆ రాత్రి వినినది చివరి పంక్తిలోని జవాబు. ఆయన చేసినది పైనున్న గుణకారము. జవాబు చూచి సంతోషించినవాడు లెక్కను ద్వేషింపరాదు" అని ఉపన్యాసకుడు పలికి, తెల్లకాగితమును తిరిగి యిచ్చి, "ఇది సోమవారమునాటికి నింపుకొని రమ్ము. మార్కులు లేవు. అయినను నింపుము" అనెను.

మెట్లు దిగుచుండగా విద్యార్థికి ఒక దృశ్యము జ్ఞప్తికి వచ్చినది. రాత్రి వేదిక కాదు, ఆ యుదయపు వరుస. ఏండ్ల తరబడి ఆ కృతులు పాడిన వృద్ధుడు, కంఠస్థమైన చరణమునకు కూడ పుస్తకము తెరచి, వ్రేలితో పంక్తిని వెంబడించుట. నాడు కన్నులు చూచినవి గాని మనస్సు గ్రహింపలేదు. తన యారాధ్యుడు ఆ ఉదయమున కచేరి చేయుచుండలేదు, పాఠము చదువుకొనుచుండెను. తాను అంతదూరము పోయి చూచి వచ్చినది ఒక విద్యార్థినే.

అయితే మరునాటినుండి సమాకలనము శ్రీరాగమువలె వినిపించినదని చెప్పుట సత్యమునకు దూరము. ఆ తరగతి చాలకాలము శుష్కముగనే యుండెను. సోమవారమున అతడు నింపిన కాగితమున ఏడు లెక్కలలో నాలుగు తప్పులు. ఆ తప్పులు దిద్దుకొనుటకు మరియొక వారము పట్టెను. కృతిని పదిమారులు వినుట మాని, తెల్లవారుజామున ఒక్కమారు విని, పిదప పుస్తకము తెరచుట అలవరచుకొన్నాడు. తల్లి ఆ వేళ లేచి, వంటింట దీపము వెలిగించి, ఆ పాట ముగియువరకు గిన్నెల చప్పుడు కాకుండ చూచుకొనుచుండెను. పంపకున్న బాగుండెడిదన్న మాట ఆమె మరల అనలేదు.

మరుసటి యేడు పుష్య బహుళ పంచమినాడే కళాశాలలో పరీక్ష వచ్చినది. అతడు తిరువైయారు పోలేదు. కావేరీతీరమున నాటరాగ మారంభమగు వేళకు అతనికి ప్రశ్నపత్ర మందినది. ఒక్క క్షణము కన్నులు మూసికొని నమస్కరించి, కలము తీసి, మొదటి లెక్క ప్రారంభించెను. అచ్చట ఎవరి పుస్తకము వారు తెరచుచున్న వేళ, ఇచ్చట అతడును తన పుటను తెరచెను. తనను చూచుటకు వచ్చిన భక్తునకంటె తన మాటను పాటించు భక్తుడే స్వామికి ప్రియుడైనచో, ఆ పంచమినాడు ఆరాధనకు వచ్చినవారిలో అతడు నొకడు.